ఈశాన్యంలో మంచాల పట్టిక

శేషగిరికి వాస్తు పిచ్చి ఉందంటే తక్కువ చెప్పినట్టే. వాస్తే ఆయన అసలు ఉద్యోగం. మేనేజరు పని తీరిక దొరికినప్పుడు చేసుకునే వ్యాపకం. నోయిడాలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయనకి మూడో అంతస్తులో గాజు కేబిన్ ఇస్తే, తలుపు చెడ్డ దిక్కున ఉందని మొదటి వారంలోనే దాన్ని మూయించి ఇంకోవైపు కొత్తది పెట్టించాడు. కొత్త తలుపు తెరిస్తే ఎదురుగా జెరాక్స్ మెషీను. ఆయన బయటికి రావాలంటే ఎవరో ఒకరు కాపీలు తీయడం ఆపి పక్కకి తప్పుకోవాలి. రెండేళ్లుగా అందరూ తప్పుకుంటూనే ఉన్నారు. అక్సా ఒక్కతే తప్పుకునేది కాదు. తన కాపీలు పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడేది, ఆయన తలుపు సందులోంచి చూస్తూ ఉండేవాడు.

అక్సాకి ఇరవై ఆరేళ్లు. పుట్టింది బాపట్లలో అయినా పెరిగిందంతా ఘాజియాబాద్‌లోనే. వాళ్లమ్మ సరళకుమారి అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆఫీసులో అక్సా గురించి ఎదురుగా తెలివైన పిల్ల అనేవాళ్లు, వెనకాల నోటిదురుసు అనేవాళ్లు. రెండూ నిజమే. రెండోదాని గురించి ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది. ఆ అంతస్తులో ఉన్నవాళ్లలో సగంమంది బుద్ధిలేనివాళ్లనీ, తక్కిన సగం వాళ్లకి తలలూపేవాళ్లనీ ఆమె అభిప్రాయం. తలలూపేవాళ్లకి మచ్చు కావాలంటే పక్క సీట్లోనే ఉన్నాడు, కరీంనగర్ నుంచి వచ్చిన విష్ణు. శేషగిరి నోరు తెరవకముందే విష్ణు కరెక్ట్ సర్ అనేవాడు. ఒకరోజు శేషగిరి ఆవులిస్తే కూడా అన్నాడు.

2007లో ఆ కంపెనీకి సరిగ్గా సరళకుమారి పనిచేసే ఆసుపత్రి నుంచే పని వచ్చింది. ప్రతి వార్డులోనూ నర్సుల కౌంటరు మీద ఒక కంప్యూటరు పెడతారు. కేస్ షీట్లూ, మందుల చీటీలూ అన్నీ అందులోకే ఎక్కాలి. ఆసుపత్రివాళ్లు కొన్నవేమో ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత మెషీన్లు. తెరలు అరచెయ్యంత. వాటి మీద అన్నీ ఒకేసారి పట్టవు కనక, ఒకే తెరలో నాలుగు గదులున్నట్టు ఏర్పాటు చేశారు. ఒకదాంట్లో మంచాల పట్టిక, అంటే ఏ మంచం మీద ఏ రోగి ఉన్నారన్నది. ఇంకోదాంట్లో ఎవరికి ఏ మందు ఇవ్వాలన్నది. మూడోదాంట్లో ల్యాబ్ రిపోర్టులు, నాలుగోదాంట్లో డిశ్చార్జి. ఒకసారికి ఒక్క గదే కనిపిస్తుంది. ఆఫీసు భాషలో వాటిని వర్క్‌స్పేసులు అనేవాళ్లు.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా వెళ్లాలో తేల్చే పని అక్సాకి అప్పగించారు. మౌస్‌తో కుదరదు. ఆసుపత్రివాళ్లు ముందే రెండు కంప్యూటర్లు పెట్టి చూశారు. వారం తిరక్కుండానే మౌస్‌ల అడుగునుండే బంతులు మాయమైపోయాయి. రోగుల్ని చూడ్డానికొచ్చే జనం పట్టుకుపోయారని ఆయాలు చెప్పారు, ఆయాలే పట్టుకుపోయారని నర్సులకి పెద్దయిన మేట్రన్ చెప్పింది. ఇక ఆ మౌసే వద్దని ఆసుపత్రి డైరెక్టర్ తేల్చేశాడు. ఏం చేసినా కీబోర్డు మీద మీటలు నొక్కే చెయ్యాలి.

అక్సా వారంపాటు కూర్చుని పదకొండు పేజీలు రాసింది. చెప్పిన సంగతి చిన్నదే. కీబోర్డు పైవరసలో ఉండే ఎఫ్ వన్ నొక్కితే మంచాలు, ఎఫ్ టూ నొక్కితే మందులు, ఎఫ్ త్రీకి ల్యాబు, ఎఫ్ ఫోర్‌కి డిశ్చార్జి. ఏ గదిలో ఉన్నా సరే, ఒక్క నొక్కుతో కావలసిన గదికి. తక్కిన పేజీలన్నీ లెక్కలు: వేరే పద్ధతుల్లో సగటున ఎన్ని నొక్కులు పడతాయి, తన పద్ధతిలో ఎన్ని ఆదా అవుతాయి, రోజుకెంత, నెలకెంత. పట్టికలు, గీతలు, రంగులు. చూస్తే ముచ్చటేసేట్టు ఉంది. ఆమెకే మరీ ముచ్చటేసింది.

శేషగిరి మీటింగులో ఆ పేజీలు తిరగేసి, చివరి పేజీ వెనకవైపు తెల్లగా ఉందని చూసి, దాని మీద పెన్నుతో ఒక చతురస్రం గీసి నాలుగు గళ్లు చేశాడు. ఆయనది ఏలూరు. పాఠం చెప్పేటప్పుడు గొంతు తేనెలా చేసుకునేవాడు.

"చూడమ్మా అక్సా, నీ దాంట్లో దిక్కు లేదు. నాలుగు గదులన్నాక ఇల్లన్నట్టే కదా."

ఆ తర్వాత ముప్పావుగంట చెప్పాడు. పైన కుడివైపుది ఈశాన్యం, అక్కడ మంచాల పట్టిక. రోగి పేరు పవిత్రం. దాని కింద ఆగ్నేయం, మందులు అక్కడ. కింద ఎడమవైపు నైరుతి, బరువుండాలి, ల్యాబు రిపోర్టులు వెయ్యొచ్చు. పైన ఎడమవైపు వాయవ్యం. వాయవ్యంలో పెట్టిన సరుకు నిలవుండదు, తొందరగా కదిలిపోతుంది, అంచేత డిశ్చార్జి అక్కడ పెడితే రోగులు తొందరగా ఇళ్లకి వెళతారు. గదులు మారడం ప్రదక్షిణంగా మాత్రమే జరగాలి. కంట్రోల్, ఆల్ట్, కుడివైపు బాణం గుర్తు, మూడూ కలిపి నొక్కితే ముందుకి ఒక గది. వెనక్కి తిరగడం అప్రదక్షిణం, అది ఆసుపత్రికి మంచిది కాదు, అంచేత ఎడమవైపు బాణం పనిచెయ్యకూడదు.

అక్సాకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నర్సులు రోజంతా చేసేది మంచాల పట్టిక చూసి మందుల గదికి వెళ్లడం, మళ్లీ పట్టికకి రావడం. వెళ్లడానికి ఒక నొక్కు, రావడానికి మూడు. ఆ పాత మెషీన్లలో ఒక్కో గది తెర మీదికి రావడానికే రెండు సెకన్లు పడుతుంది. అదంతా చెప్పింది. పైగా తెర నిలువుగా ఉంటుంది కదా, దానికి ఉత్తరం ఆకాశంలో ఉంటుందా అని కూడా అడిగింది. గోడకి తగిలించిన దేశం మ్యాపులో ఉత్తరం ఎక్కడుందో చూడమన్నాడు శేషగిరి. విష్ణు కరెక్ట్ సర్ అన్నాడు. ఆ ఒక్క పాయింటు మీద మాత్రం నిజంగానే ఆయన గెలిచాడు, అక్సాకి అదే ఎక్కువ కడుపుమంటగా ఉండిపోయింది.

వారం తర్వాత శేషగిరి బొమ్మ డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది. డైరెక్టర్‌కి కంప్యూటర్లంటే తెలియదు గానీ వాయవ్యం అంటే తెలుసు. మంచాలు తొందరగా ఖాళీ అవుతాయన్న మాట ఆయనకి బాగా నచ్చింది. కౌంటర్లన్నీ తూర్పు ముఖంగా తిప్పించమని ఆ సాయంత్రమే మేస్త్రీకి చెప్పాడు.

ఇంతదాకా జరిగింది ఆఫీసు బాగోతం. అక్సా దాన్ని ఇంట్లో కథగా చెప్పి, శేషగిరి గొంతుని అనుకరించి అమ్మని నవ్వించేది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక సరళకుమారి నవ్వలేదు. వార్డులో నోటీసు పెట్టారని చెప్పింది. వచ్చే నెలాఖరున నర్సులందరికీ కంప్యూటరు పరీక్ష. నాలుగు నిమిషాల్లో చెప్పిన పని చెయ్యాలి. చెయ్యలేనివాళ్లు వార్డు వదిలి లినెన్ స్టోర్‌కి వెళ్లాలి. లినెన్ స్టోర్ అంటే బేస్‌మెంట్‌లో దుప్పట్లు లెక్కపెట్టే గది. కిటికీ ఉండదు, రోగి ముఖం కనపడదు.

సరళకుమారికి అప్పటికి యాభై ఆరేళ్లు. ముప్పై మూడేళ్లుగా నర్సు. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆవిడ పేరు మోసిన మనిషేమీ కాదు, కానీ దొరకని నరం దొరికించాలంటే డాక్టర్లు కూడా ఆవిడకే కబురు పెట్టేవాళ్లు. అలాంటి మనిషి కీబోర్డు ముందు కూర్చుంటే కొత్తగా చేరిన స్టూడెంట్‌లా ఒక్కో మీటా వెతుక్కునేది. ఆ బుధవారం ప్రార్థన కూడికలో, కంట్రోల్ మీట విషయమై ప్రార్థించమని పాస్టరుగారిని అడిగిందట. పాస్టరుగారు అదేదో కిడ్నీ జబ్బనుకుని కన్నీళ్లతో ప్రార్థించారట. ఆ మాట విని అక్సా తల బాదుకుంది. వాస్తుకి ఎదురుగా ప్రార్థన, భలేగా కుదిరింది, ఇంక మీటలతో పనేముందని వెక్కిరించింది.

వెక్కిరించింది గానీ భయపడింది. అమ్మ లినెన్ స్టోర్‌కి వెళ్లడం ఆమె ఊహించుకోలేకపోయింది. శేషగిరి దగ్గరికి మళ్లీ వెళ్లి, తన ఎఫ్ మీటలు కూడా ఉంచమని, కావాలంటే ప్రదక్షిణం కూడా ఉండనిమ్మని అడిగింది. బతిమాలినంత పనిచేసింది. ఒక ఇంటికి రెండు సింహద్వారాలు ఉండకూడదన్నాడు ఆయన.

ఇక చేసేదిలేక అమ్మకి నేర్పడం మొదలుపెట్టింది. ఇంట్లో కంప్యూటరు లేదు. చీరల పెట్టె అట్ట కత్తిరించి, స్కెచ్ పెన్నుతో మీటలు గీసి, బల్ల మీద పెట్టింది. రోజూ డ్యూటీ నుంచి రాగానే సరళకుమారి ఆ అట్ట ముందు కూర్చునేది. వీపు నిటారుగా, రెండు చేతులూ బల్ల మీద, ఎడమ చేతి వేళ్లు కంట్రోల్, ఆల్ట్ మీద, కుడి చేతి వేలు బాణం మీద. అక్సా ఎదురుగా నిలబడి మందులు అనేది, ల్యాబు అనేది, మళ్లీ మంచాలు అనేది. ఆవిడ నొక్కేది. తప్పు నొక్కితే అక్సా విసుక్కునేది.

"మమ్మీ, ధ్యాన్ సే, జాగ్రత్తగా. ఒకటి కాదు, మూడు. తీన్ బార్."

"తెలుస్తానే ఉందే. నీ బాసు ఇంటి చుట్టూ తిప్పుతున్నాడు నన్ను."

పక్క క్వార్టర్లో ఉండే సీతారత్నం కూడా వచ్చి కూర్చునేది. ఆవిడా సరళకుమారితో పాటే ఢిల్లీ వచ్చిన నర్సు, కాకినాడ మనిషి, ఇద్దరిదీ ఒకే వార్డు. ఆవిడకి అట్ట మీద బాగానే వచ్చింది. అట్ట ఆలస్యం చెయ్యదు కదా. నొక్కగానే గది మారిపోయిందని అక్సా నోటితో చెప్పేది.

పరీక్ష రోజు ఆసుపత్రి మొదటి అంతస్తులో కాన్ఫరెన్స్ హాలు. ఏసీ వేశారు, పూలగుత్తి పెట్టారు. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు చక్రాల కుర్చీ. తూర్పు ముఖం. డైరెక్టర్ ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన మేట్రన్. మేట్రన్ పొట్టి మనిషి, పలికేది తక్కువ; ఆవిడ కళ్లజోడు పైకి తోస్తే వార్డంతా సర్దుకునేది. వెనక పద్దెనిమిది మంది నర్సులు తెల్ల యూనిఫాముల్లో. శేషగిరి కొత్త టై కట్టుకుని, యూజర్ గురించి ఆలోచించడమే తన జీవితం అని ఇంగ్లీషులో పావుగంట మాట్లాడాడు. అక్సా, విష్ణు గోడ పక్కన నిలబడ్డారు.

పని ఇది: తొమ్మిదో మంచం రోగి పేరు చూసుకుని, మందుల గదికి వెళ్లి ఇంజెక్షను ఇచ్చినట్టు రాసి, పట్టికకి తిరిగొచ్చి, ల్యాబు గదిలో సుగర్ ఎంతుందో చూసి, మళ్లీ పట్టికకి వచ్చి అది ఎక్కించాలి. పైనుంచి కిందికి రెండుసార్లు చదివితే అర్థమయ్యే పనే. కుర్రనర్సులు కొందరు గట్టెక్కారు. కొందరు ఎక్కలేదు. చిక్కంతా ఆలస్యంలో ఉంది. మీట నొక్కితే తెర వెంటనే కదలదు. పనిచెయ్యలేదేమో అని రెండోసారి నొక్కుతారు. అప్పుడు రెండు నొక్కులూ కలిసి పడి, కావలసిన గది దాటిపోయి, ఆ తర్వాతి దాంట్లో తేలతారు. వెనక్కి రాకూడదు, అప్రదక్షిణం. మళ్లీ చుట్టూ తిరగాలి.

సీతారత్నం తొమ్మిదిసార్లు తిరిగింది. మందుల గది కోసం నొక్కి ల్యాబులో పడింది, పట్టిక కోసం నొక్కి మళ్లీ మందుల్లో పడింది. నాలుగు నిమిషాలు అయ్యేసరికి ఆవిడ డిశ్చార్జి గదిలో ఉంది, చెమటతో కళ్లజోడు జారిపోతోంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ లేచి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి తోసి, వెళ్లి తన వరసలో నిలబడింది. విష్ణు ఆవిడ పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాడు. అక్సాకి వాడి చేతిలో పెన్ను లాగి పారెయ్యాలనిపించింది.

తర్వాత సరళకుమారి. ఆవిడ తెర వంక సరిగా చూడను కూడా చూడలేదు. నాడి పట్టుకుని సెకన్లు లెక్కపెట్టడం ముప్పై మూడేళ్లుగా చేస్తున్న మనిషి. మీట నొక్కి, పెదవుల మధ్య లెక్కపెట్టుకుని, మళ్లీ నొక్కి, మళ్లీ లెక్కపెట్టుకుని, ఎన్ని కావాలో అన్నే నొక్కింది. ఒక్కసారి కూడా గది దాటిపోలేదు. మూడు నిమిషాల పది సెకన్లు. అందరికంటే ముందు.

అక్సా ఊపిరి వదిలింది. చప్పట్లు కొట్టబోయింది కూడా. అంతలో శేషగిరి ముందుకొచ్చాడు. ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"చూశారా సర్," అన్నాడు డైరెక్టర్‌తో. "యాభై ఆరేళ్ల సిస్టర్ అవలీలగా చేసేసింది. అంటే డిజైన్‌లో లోపం లేదు. నేర్చుకోవాలన్న మనసు లేనివాళ్లే ఫెయిలయ్యారు."

డైరెక్టర్ తలూపాడు. ఫెయిలైన ఏడుగురి లిస్టు ఇమ్మన్నాడు. విష్ణు అందించాడు. ఏడుగురిలో ఐదుగురు నలభై దాటినవాళ్లు.

అక్సా అమ్మని నెల రోజులు తనే కూర్చోబెట్టి నేర్పింది. ఆ నేర్పు ఇప్పుడు శేషగిరి చేతికి కర్రలా దొరికింది. సీతారత్నం ఆంటీ వీపు మీద దాన్నే ఆడిస్తున్నాడు. అమ్మ ఓడిపోయి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

సరళకుమారి కుర్చీలోంచి లేచింది, కానీ వరసలోకి వెళ్లలేదు. మేట్రన్ దగ్గరికి వెళ్లి హిందీలో ఏదో అడిగింది. మేట్రన్ కళ్లజోడు పైకి తోసి సరే అంది. సరళకుమారి తలుపు తీసుకుని ఎదురుగా ఉన్న వార్డులోకి వెళ్లి, నిమిషంలో తిరిగొచ్చింది. చేతిలో స్టీల్ ట్రే. అందులో నీళ్లు నింపిన సిరంజి, దూది, చిన్న సీసా. వచ్చి చక్రాల కుర్చీని కాలితో పక్కకి నెట్టేసింది. శేషగిరి తెలుగువాడని ఆవిడకి తెలుసు. తెలుగులోనే మాట్లాడింది.

"సార్, వార్డులో మాకు కుర్చీ ఉండదండి. నిలబడే చేస్తాం. మందు తీసిన ట్రే రోగికి ఇచ్చేదాకా కింద పెట్టకూడదు. అది మా రూలు. పెడితే మేట్రన్‌గారు ఊరుకోరు. ఇది పట్టుకుని మీరోసారి తిప్పి చూపించండి."

డైరెక్టర్ ఏమందని అడిగాడు. అక్సా గోడ దగ్గర్నుంచే, మాట పొల్లుపోకుండా హిందీలో చెప్పింది. డైరెక్టర్‌కి సరదా వేసింది. కానీయండి అన్నాడు.

శేషగిరి నవ్వుతూ ట్రే ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. కంట్రోల్, ఆల్ట్ ఒక చివర, బాణం ఇంకో చివర. కుడిచేతి బొటనవేలు ఇటు చాపి, చిటికెనవేలు అటు చాపి చూశాడు. జానెడు తక్కువైంది. కుడివైపు కూడా ఒక ఆల్ట్ ఉంటుంది కదా అని విష్ణు గుసగుసగా అందించాడు; దాన్ని హిందీ అక్షరాలకి కేటాయించమని మూడు నెలల కిందట చెప్పింది శేషగిరే. ట్రే చెయ్యి మార్చాడు. ఇప్పుడు ఎడమచేతి వేళ్లు కంట్రోల్, ఆల్ట్ మీద బాగానే కూర్చున్నాయి. బాణం నొక్కడానికి ఏమీ మిగల్లేదు. హాలంతా చూస్తోంది. ఆయన ఒక పక్కకి ఒరిగి, కుడి మోచేతిని బాణం మీదికి దించబోయాడు. మోచెయ్యి బాణం మీద పడలేదు, పైనున్న బ్యాక్‌స్పేస్ మీద పడింది. ఆ మెషీన్లలో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బ్యాక్‌స్పేస్ నొక్కితే ఉన్నదంతా మూసుకుపోయేది. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం నాలుగూ ఒకేసారి ఆరిపోయి తెర నల్లబడింది. ట్రే వాలింది. సిరంజి దొర్లి డైరెక్టర్ బూటు దగ్గర ఆగింది.

ఎవరూ నవ్వలేదు. నర్సులు నవ్వకుండా ఉండటం ఎంత కష్టపడి నేర్చుకుంటారో ఆ రోజు తెలిసింది.

మేట్రన్ లేచి వంగి సిరంజి తీసింది. ఆవిడ చెప్పింది మూడు ముక్కలు. ఒంటిచేత్తో పనిచేసేదాకా ఈ కంప్యూటరు తన వార్డులోకి రాదు. ఈరోజు పరీక్ష చెల్లదు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. డైరెక్టర్ తన బూటు వంక చూసుకుని, మేట్రన్ చెప్పిందే ఫైనల్ అన్నాడు. సీతారత్నం కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అక్సాకి తెలియలేదు.

ఇక్కడితో శేషగిరి మట్టి కరిచాడనుకుంటే, ఆయన సంగతి తెలియనట్టే. తెర మళ్లీ వెలిగే లోపలే తేరుకున్నాడు. తానూ సరిగ్గా ఇదే గమనించాలని ఇంత దూరం వచ్చానన్నాడు. ఒంటిచేత్తో వాడే పద్ధతి ఒకటి ముందే ఆలోచించి పెట్టామన్నాడు. అక్సా వైపు తిరిగి, ఎఫ్ వన్ నుంచి ఎఫ్ ఫోర్ దాకా మన దగ్గర రెడీగా ఉంది కదమ్మా అన్నాడు. విష్ణు కరెక్ట్ సర్ అన్నాడు. అమ్మ ముఖం, సీతారత్నం ముఖం చూసి అక్సా రెడీగా ఉందని చెప్పింది. 

కారులో తిరిగొస్తుంటే శేషగిరి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఎఫ్ మీటలు కీబోర్డుకి పైవరసలో, అంటే ఉత్తరాన ఉన్నాయనీ, ఉత్తరం కుబేరస్థానమనీ, తన మనసులో మొదట్నుంచీ అదే ఉందనీ చెప్పాడు. హిండన్ వంతెన దాటేలోపు ఆయన దాన్ని నిజంగానే నమ్మేశాడు. సిగ్గులేనివాళ్లకి ఉండే సుఖం ఇదే, అబద్ధమాడుతున్నామన్న శ్రమ కూడా ఉండదు.

మూడో రోజున కొత్త డిజైన్ కాగితం అందరికీ వచ్చింది. పైన ఆయన పేరు. మొదటి వాక్యమే, నర్సు చేతిలో ట్రే ఉంటుందన్న గమనింపు నుంచి ఈ ఆలోచన పుట్టింది, అని. అక్సా పేరు ఆఖరున సహకరించినవాళ్లలో, విష్ణు పేరు తర్వాత ఉంది. ఆమె ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికొచ్చి, బ్యాగు మంచం మీదికి విసిరి, వంటింటి గుమ్మంలో నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కింది. దొంగన్నది. పేరు లాక్కున్నాడన్నది. రేపే పై ఆఫీసుకి ఉత్తరం రాస్తానన్నది.

"వో మేరా డిజైన్ థా, మమ్మీ. నాది."

సరళకుమారి గోంగూర ఆకు దూస్తోంది. చేతులు ఆగలేదు.

"నీ దాంట్లో ట్రే ఉందా?"

అక్సా అమ్మ చేతుల వంక చూసింది.

"నెల రోజులు నన్ను ఆ అట్ట ముందు కూర్చోబెట్టావు. రెండు చేతులూ బల్ల మీద పెట్టించావు. వార్డులో అట్టా కుదరదని నేనూ చెప్పలేదులే. చదువుకున్నదానివి, ఇరవై ఆరేళ్లుగా నన్ను చూస్తన్నదానివి, తెలిసే ఉంటది అనుకున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అక్సా తిరిగి ఏదో ఒకటి అనేసేది. అనడం ఆమెకి బాగా వచ్చు. సరళకుమారి ఆకు గిన్నెలోకి తోసి, కుళాయి తిప్పి, పనిలో పడిపోయింది.

అక్సా ముందుగదిలోకి వచ్చి బ్యాగులోంచి తన పదకొండు పేజీలూ తీసింది. మొదట్నుంచి చివరిదాకా, ఒక్క లైను వదలకుండా చదివింది. ఎన్ని నొక్కులో ఉంది, ఎన్ని సెకన్లో ఉంది, నెలకి ఎంత ఆదా అవుతుందో మూడు రంగుల్లో ఉంది. చెయ్యి అన్న మాట ఎక్కడా లేదు. నర్సు అన్న మాట ఒకే ఒక్కచోట ఉంది, అదీ ఆసుపత్రి చిరునామా కింద. ఆమె కాగితాలు సర్ది మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. పై ఆఫీసుకి ఉత్తరం రాయలేదు.